బీన్స్‌కి కరకర ఎందుకండీ?

ఆ రోజు విందుకి ఇరవై ఇద్దరం. వంటలు తలా ఒకటి పంచుకుంటే నా వంతుకి బీన్స్ వచ్చాయి. వెల్లుల్లి, వెన్న, సన్నగా తరిగి వేయించిన బాదం. తెల్లటి పళ్ళెంలో పోసి బల్ల మీద పెడితే ఆకుపచ్చ రంగు నిగనిగలాడిపోయింది. ఇద్దరు ముగ్గురు ఫోన్లు తీసి ఫొటోలు కూడా తీసుకున్నారు. నాకు లోపల ఎంత పొంగిపోయిందో, దాచుకోవడం దేనికి.

కంచాలు ఎత్తేటప్పుడు చూశాను. పెద్దమ్మ కంచం అంచున బీన్స్ ముక్కలు వరసగా, కట్టెల మోపు పేర్చినట్టు పేర్చి ఉన్నాయి. బాదం పలుకు మాత్రం ఒక్కటీ మిగల్లేదు.

"ఏం పెద్దమ్మా, కూర బాగాలేదా?"

"బాగుందమ్మా. నా పళ్ళే బాగాలేవు."

వేయించిన బాదం నమిలిన పళ్ళకి బీన్స్ అడ్డొచ్చాయంటే తప్పు పళ్ళది కాదుగా. వంటింట్లోకి వెళ్ళి గిన్నె అడుగున మిగిలిన ముక్క ఒకటి నోట్లో వేసుకున్నాను. పళ్ళ మధ్య కిర్రుమంది. కొత్త చెప్పులు తొడుక్కుని నడిస్తే వస్తుందే, అచ్చం ఆ చప్పుడు. లోపల పచ్చివాసన. ఉప్పు పైపైనే ఉంది, లోపలికి దిగలేదు. వెన్నంతా జారిపోయి గిన్నె అడుక్కి చేరింది. ఇంత అందంగా ఉన్నదాన్ని తినడానికి ఇంత శ్రమ పడాలా అనిపించింది.

అప్పట్నుంచి నాది ఒకటే వాదన. పదిమంది కూర్చుని తినే పండగ భోజనంలో బీన్స్ పూర్తిగా ఉడకాలి. కరకర అన్న మాట మర్చిపోవాలి. ఆ ఉడకబెట్టే పని కూడా విందు రోజున పెట్టుకోకూడదు, ముందు రోజే అయిపోవాలి. ఈ రెండో మాట అనగానే "నిన్నటి కూర పెడతావా?" అని ముఖం చిట్లించేవాళ్ళున్నారు. వాళ్ళ సంగతి తర్వాత చూద్దాం.

ముందు ఈ కరకర ఎక్కడినుంచి వచ్చిందో చెప్పుకోవాలి. నా అనుమానం, ఇది మన పెద్దవాళ్ళ మీద మనం తీర్చుకున్న కసి. వాళ్ళు కూరగాయల్ని గంటలకొద్దీ ఉడికించి, రంగూ రూపూ లేని ముద్ద చేసి పెట్టారని మనం రెండో కొసకి పరిగెత్తాం. హోటళ్ళు అలా చేస్తాయి కదా అంటారు. హోటల్లో ఒక ప్లేటుకి సరిపడా బీన్స్, ఒక మనిషికి, ఆ నిమిషంలో పొయ్యి దించి ఆ నిమిషంలోనే బల్ల మీదకి వస్తాయి. పుల్లల్లా సన్నగా ఉండే లేత కాయలైతే అలా కాస్త బిరుసుగా ఉన్నా బాగుంటాయి, కాదనను. మనం కొనే బీన్స్ అవి కావు. మనం వండేది ఒక ప్లేటూ కాదు.

పైగా ఆ మెరిసే పచ్చదనాన్ని చూసి ఉడికిందనుకుంటాం. అసలు మోసం అక్కడే ఉంది. బీన్స్‌ని మరిగే నీళ్ళలో వేసిన అర నిమిషానికి రంగు భగ్గున వెలుగుతుంది. కాయలో కణాల మధ్య చిన్న చిన్న గాలి అరలుంటాయి. అవి ఉన్నంతసేపూ రంగు కాస్త మసకగా కనిపిస్తుంది. వేడి తగలగానే ఆ గాలి బయటికి పోయి, దాని చోట నీరు చేరుతుంది. మసక పట్టిన అద్దం తుడిచినట్టు, లోపలున్న పచ్చదనం బయటపడుతుంది. అంతే. పీచు మెత్తబడలేదు, పచ్చివాసన పోలేదు. రంగు మారడమన్నది ఉడకడానికి మొదటి మెట్టు. చాలామంది ఆ మెట్టు మీదే ఆగి పొయ్యి కట్టేస్తారు. నేనూ ఆ రోజు చేసింది అదే.

ఆగడానికి కారణం భయం. ఇంకో రెండు నిమిషాలు ఉంచితే రంగు పోతుందేమోనని. ఆ భయం వట్టిది కాదు. ఆకుపచ్చనిచ్చే క్లోరోఫిల్ మధ్యలో ఒక మెగ్నీషియం పరమాణువు కూర్చుని ఉంటుంది. కాయ ఉడికేకొద్దీ కణాల గోడలు సడలి, లోపల దాగి ఉన్న ఆమ్లాలు బయటికొస్తాయి. ఆ పులుపు మెగ్నీషియాన్ని అక్కణ్ణుంచి లేపేసి హైడ్రోజన్‌ని కూర్చోబెడుతుంది. అప్పుడు మిగిలేదాన్ని ఫియోఫైటిన్ అంటారు. దాని రంగు పాత సైనికుల చొక్కా రంగు. అయితే ఇది క్షణంలో జరిగే పని కాదు. బాగా మరుగుతున్న నీళ్ళలో, మూత లేకుండా, ఆరేడు నిమిషాల దాకా రంగు పెద్దగా తగ్గదు. ఒక మోస్తరు కాయ పూర్తిగా ఉడకడానికి పట్టేదీ ఆరేడు నిమిషాలే. మరీ లావుపాటి కాయకి ఇంకో రెండు నిమిషాలు. అంటే రంగా, ఉడుకా అని తేల్చుకోవాల్సిన పనే లేదు. రెండూ దక్కుతాయి, నీళ్ళూ మంటా సరిపోతే.

మూత ఎందుకు వద్దంటే, ఆ ఆమ్లాల్లో కొన్ని ఆవిరితో పాటు ఎగిరిపోతాయి. మూత పెడితే పైకెళ్ళిన ఆవిరి చుక్కలై మళ్ళీ గిన్నెలోకే పడుతుంది. నీళ్ళు ఎక్కువ ఎందుకంటే, ఉన్న పులుపు పలచబడుతుంది. ఆ నీళ్ళలో లీటరుకి 10 నుంచి 15 గ్రాముల ఉప్పు వేయాలి. అమ్మో అంత ఉప్పా అనకండి, అందులో చాలామటుకు నీళ్ళతో పాటు వార్చేస్తాం. ఉప్పు రుచికే కాదు. కాయ కణాల్ని అతికించి ఉంచే పెక్టిన్‌లో కాల్షియం బిగింపు ఉంటుంది. ఉప్పులోని సోడియం ఆ బిగింపుని కాస్త వదులు చేస్తుంది, కాయ త్వరగా మెత్తబడుతుంది. బోరు నీళ్ళలాంటి గట్టి నీళ్ళలో బీన్స్ మొండికేస్తాయంటే అదే లెక్క, అటువైపు నుంచి. నీళ్ళలోని కాల్షియం బిగింపుని ఇంకా బిగిస్తుంది.

ఉడికిందని తెలియడానికి గడియారం కంటే చెయ్యి నయం. ఆరో నిమిషంలో ఒక కాయని తీసి, చల్లార్చి, మధ్యలో రెండు వేళ్ళతో పట్టుకుని అడ్డంగా ఎత్తండి. కొసలు రెండూ కాస్త కిందికి వాలాలి. కర్రలా నిలబడితే ఇంకా కాలేదు. తడి గుడ్డలా వేలాడితే దాటిపోయింది. తర్వాత కొరకండి. కిర్రుమనకూడదు. లోపలి గింజ పాలగింజలా మెత్తగా ఉండాలి, పైతోలు మాత్రం ఒక్క క్షణం పంటిని ఆపాలి. ఆ ఒక్క క్షణం చాలు, కరకర అభిమానులకి కూడా.

పచ్చిగా ఉంటే రుచి సంగతి ఒక్కటే కాదు, ఇంకో చిన్న మాట ఉంది. ఈ జాతి చిక్కుళ్ళలో కడుపుని ఇబ్బంది పెట్టే లెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. ఎండు రాజ్మా గింజల్లో చాలా ఎక్కువ. అందుకే వాటిని నానబెట్టి బాగా మరిగించి తినమంటారు. పచ్చి బీన్స్‌లో తక్కువే, కానీ అసలు లేకపోలేదు. బాగా ఉడికితే దాని పని అయిపోతుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు. "సగం పచ్చిగా తింటేనే ఆరోగ్యం" అని వాదించేవాళ్ళు ఈ సంగతి కూడా లెక్కలో వేసుకోవాలని చెప్తున్నాను. ఉడికిస్తే విటమిన్ సి కొంత నీళ్ళలోకి పోతుందన్నది నిజమే. కంచం అంచున పేర్చిన బీన్స్‌లోని విటమిన్లు కూడా ఎవరికీ అందవు.

పెద్దమ్మ విందు తర్వాత ఏడాదికి మళ్ళీ బీన్స్ నా వంతుకే వచ్చాయి. ఈసారి పూర్తిగా ఉడకబెడతానని శపథం పట్టాను. రెండున్నర కిలోలు. ఇంట్లో ఉన్న పెద్ద గిన్నెలో అయిదు లీటర్ల నీళ్ళు మరిగించి, ఫ్రిజ్‌లోంచి తీసిన బీన్స్ మొత్తం ఒక్కసారి కుమ్మరించాను. తెర్లుతున్న నీళ్ళు టక్కున నోరు మూసుకున్నాయి. బుడగ లేదు, చప్పుడు లేదు. మళ్ళీ మరగడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటలో అడుగున ఉన్నవి సైనికుల చొక్కా రంగుకి తిరిగాయి, పైనున్నవి పచ్చిగానే ఉన్నాయి. గరిటెతో తిప్పితే కింది ముక్కలు విరిగాయి, పైవి వంగనైనా లేదు. ఒకే గిన్నెలో రెండు తరాల బీన్స్.

తర్వాత కూర్చుని లెక్క వేశాను. 100 డిగ్రీల నీళ్ళు అయిదు లీటర్లు, 5 డిగ్రీల బీన్స్ రెండున్నర కిలోలు. కాయల్లో తొంభై శాతం నీరే కాబట్టి వాటిని చన్నీళ్ళుగానే లెక్కేసుకోవచ్చు. కలిపితే సుమారు 70 డిగ్రీలకి పడిపోతుంది. అంతకంటే చెడ్డ ఉష్ణోగ్రత ఇంకొకటి ఉండదు. క్లోరోఫిల్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి కాయలోనే ఉంటుంది. మరిగే వేడికి అది చస్తుంది, 70 డిగ్రీల దగ్గర మాత్రం హుషారుగా పనిచేస్తుంది. ఇంకో ఎంజైమ్ కాయ లోపల 55, 60 డిగ్రీల దగ్గర ఎక్కువసేపు నిలిస్తే మేలుకొని, పెక్టిన్‌ని కాల్షియంతో ఇంకా గట్టిగా ముడేస్తుంది. అలా ముడిపడ్డ కాయ తర్వాత ఎంత ఉడికించినా ఒక పట్టాన దిగదు. అంటే రంగూ పోయింది, మెత్తదనమూ రాలేదు. అదే నాలుగు లీటర్ల నీళ్ళలో అరకిలో వేస్తే వేడి 90 దగ్గరే ఆగి, చిటికెలో మళ్ళీ మరుగుతుంది.

ఇంట్లో రోజూ చేసే కూరని విందుకి పదింతలు చేస్తే సరిపోతుందనుకోవడంలో పొరపాటు ఇదే. బీన్స్‌ని పదింతలు చేయొచ్చు, పొయ్యిని పదింతలు చేయలేం కదా. అందుకని అరకిలో చొప్పున అయిదు వాయిలు. ప్రతి వాయికి ఏడు నిమిషాలు, మధ్యలో నీళ్ళు మళ్ళీ తెర్లడానికి కాసేపు. మూడో వాయికి నీళ్ళు పసుపుపచ్చగా తిరుగుతాయి, పులుపు చేరిందన్నమాట, అప్పుడు నీళ్ళు మార్చాలి. మొత్తం గంట పని. ఇప్పుడు చెప్పండి, విందు రోజు పొయ్యి దగ్గర ఆ గంట ఎవరి దగ్గరుంది? ఓ పక్క అన్నం, ఓ పక్క పులుసు, నెయ్యి ఎక్కడ పెట్టావని అడిగేవాళ్ళు, కాళ్ళకడ్డం పడే పిల్లలు. అందుకే ఆ గంటని ముందు రోజు రాత్రికి తోసేయమంటున్నాను.

పీచు తీయడం కూడా ఆ రాత్రి పనే. ఈ పీచు విషయంలో మన అమ్మమ్మల కంటే మనం అదృష్టవంతులం. అమెరికాలో కాల్విన్ కీనీ అనే విత్తనాల మనిషి 1890ల్లో పీచు లేని రకాలు తయారు చేసేదాకా ప్రతి కాయకీ రెండు వైపులా తాడు లాగాల్సిందే. ఇప్పటి కాయలకి చాలావాటికి తొడిమ తుంచితే చాలు. అయినా నేను ప్రతి గుప్పెడులోంచీ ఒకదాన్ని విరిచి చూస్తాను. టప్పుమని విరిగి రెండు ముక్కలూ విడిపోతే లేత. విరిగినా సన్న దారంతో వేలాడుతుంటే ఆ గుప్పెడు మొత్తానికీ పీచు తీయాలి. ఎంత ఉడికినా కరగనిది ఆ ఒక్క దారమే. ముసలివాళ్ళు నోట్లోంచి తీసి కంచం అంచున పెట్టేదీ దాన్నే. గింజ ఉబ్బి బయటికి కనిపించే ముదురు కాయల్ని కొనడమే వద్దు. అవి వేరే కూరకి పనికొస్తాయి, దీనికి కాదు.

ఎన్ని కొనాలి? వేరే కూరలు కూడా ఉంటాయి కాబట్టి మనిషికి 100 గ్రాముల పచ్చి బీన్స్ లెక్క సరిపోతుంది. తొడిమలకీ ముదురు ముక్కలకీ పదోవంతు పోతుందని కాస్త ఎక్కువ వేసుకుంటే చాలు. నేను మొదట్లో మనిషికి పావుకిలో లెక్కన కొనేసి మూడు రోజులు బీన్సే తిన్నాం. ఆ సంగతి ఇంట్లో ఇప్పటికీ ఎత్తుతారు.

ఉడికిన వాయిని చిల్లుల గిన్నెలోకి వార్చాక ఒక చిన్న మెలిక. వార్చి అలాగే కుప్పగా వదిలేస్తే మధ్యలో వేడి తగ్గక ఉడుకుతూనే ఉంటాయి. ఐస్ నీళ్ళలో నానేయమంటారు చాలామంది. రంగుకి మంచిదే, కానీ అలా పది నిమిషాలు నానితే రుచి కాస్తా నీళ్ళపాలవుతుంది. నేను చేసేది చల్లటి నీళ్ళలో ఒక్క మునక, వేడి పోగానే పైకి తీసి శుభ్రమైన గుడ్డ మీద పలచగా పరిచి ఆరబెట్టడం. ఈ ఆరబెట్టడాన్ని తక్కువ చేయకండి. తడి కాయలకి వెన్న అంటదు. ఆ తర్వాత గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లోకి. ఇదంతా ఉడికిన రెండు గంటల లోపు అయిపోవాలి, వండినదాన్ని అంతకంటే ఎక్కువసేపు బయట ఉంచడం మంచిది కాదు.

ఇప్పుడు "నిన్నటి కూర" అన్నవాళ్ళకి జవాబు. నిన్న చేసింది కూర కాదండీ, సగం పని. కూర అయ్యేది బాణలిలో, అతిథులు కూర్చోవడానికి పావుగంట ముందు. పెద్ద బాణలిలో వెన్నా నూనే కలిపి, సన్నగా తరిగిన వెల్లుల్లి వేసి, చిన్న సెగ మీద ఓపిగ్గా ఉంచాలి. అంచులు తేనె రంగుకి రాగానే వెల్లుల్లి తీసి పక్కన పెట్టేయాలి, ఇంకో పది క్షణాలుంటే చేదు. అప్పుడు మంట పెంచి బీన్స్ వేయాలి, బాణలి అడుగున ఒక్క వరసకి పట్టినన్ని మాత్రమే. కుప్ప పోస్తే లోపలి తేమ ఆవిరై అక్కడే తిరుగుతుంది. తేమ ఉన్నంతసేపూ వేడి 100 డిగ్రీలు దాటదు, కాయ మీద ఎర్రటి మచ్చలు పడి కమ్మటి వాసన రావాలంటే 140 దాటాలి. ఆ మచ్చలే ఈ కూరకి ప్రాణం. ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టిన కాయకి అవి పడినంత తొందరగా అప్పుడే వార్చిన కాయకి పడవు. అంటే ముందు రోజు ఉడకబెట్టడం తప్పనిసరై చేసే సర్దుబాటు కాదు, రుచికి కూడా అదే మేలు. మూడు నాలుగు నిమిషాల్లో పొగలు కక్కుతూ వస్తుంది. చివర్లో వెల్లుల్లి, బాదం పైన చల్లాలి. బాదం ముందే కలిపితే మెత్తబడి ఏడుస్తాయి.

నిమ్మరసం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందులోనూ ఒకసారి దెబ్బతిన్నాను. మూడో విందుకి అన్నీ పద్ధతిగా చేశాను, కానీ పని తగ్గుతుందని మధ్యాహ్నమే నిమ్మరసం పిండి కలిపి ఉంచాను. సాయంత్రం మూత తీస్తే కూర మొత్తం ఎండుగడ్డి రంగు. మెగ్నీషియాన్ని లేపేసే పనికి కాయలోని పులుపు చాలదన్నట్టు నేను ఇంకా పులుపు పోశాను మరి. నిమ్మకాయ బల్ల మీద ఉండాలి, ఎవరి కంచంలో వాళ్ళు పిండుకోవాలి. లేదా తొక్క తురిమి చల్లండి. వాసనంతా తొక్కలోనే ఉంది, పులుపు లోపలుంది. ఉడికే నీళ్ళలో పులుపు అసలే వద్దు, రంగు పోవడమే కాక కాయ మెత్తబడదు కూడా.

దీనికి విరుగుడుగా చిటికెడు వంటసోడా వేయమని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. రంగు నిలుస్తుంది, నిజమే. కానీ సోడా కణాల గోడల్ని కరిగించేస్తుంది. పైకి పచ్చగా మెరుస్తూ, ముట్టుకుంటే సబ్బులా జారే కాయ తయారవుతుంది. థయామిన్ అనే బి విటమిన్ కూడా పోతుంది. నాకైతే సైనికుల చొక్కా రంగు బీన్సే నయం. వెన్నలో, వెల్లుల్లిలో, ఉల్లిపాయతో ముప్పావుగంట మగ్గనిచ్చి రంగు మీద ఆశ పూర్తిగా వదులుకున్న బీన్స్ కూడా అద్భుతంగా ఉంటాయి. అది ఇంకో దారి, నిజాయితీ ఉన్న దారి. చెడ్డది మధ్యలో ఆగిపోవడమే.

బొత్తిగా తీరిక లేనివాళ్ళు గడ్డకట్టిన బీన్స్ వాడితే నేను తప్పు పట్టను. వాటిని గడ్డకట్టించే ముందే కాసేపు ఉడకబెట్టి ఉంటారు కాబట్టి సగం పని అయిపోయినట్టే. మంచు స్ఫటికాలు కణాల్ని చీల్చేస్తాయి గనక ఆ బిగువు రాదు, కొంచెం నీరు కారుస్తాయి. మంట పెద్దది పెట్టి నీరు ఇగిరిపోనిస్తే సరి.

మొన్నటి విందులో పద్ధెనిమిది మంది. రెండు కిలోలు, ముందు రోజు రాత్రి నాలుగు వాయిలు, పొద్దున్న ఫ్రిజ్‌లో డబ్బా చూసుకుని హాయిగా మిగతా పనులు. వడ్డించే ముందు మూడు బాణలిలు. ఫొటోలు ఎవరూ తీయలేదు. రంగు ఒక పిసరు తగ్గింది, మచ్చలు పడ్డాయి మరి. పెద్దమ్మ పక్కనే కూర్చున్నాను, కావాలనే. ఒకసారి వేయించుకున్నారు, నెమ్మదిగా తిన్నారు. మళ్ళీ గిన్నె వైపు చెయ్యి చాపి ఇంకో గరిటెడు తనే వేసుకున్నారు. కంచం అంచు శుభ్రంగా ఉంది. నేను ఏదో ఒక మాట వస్తుందని ఎదురుచూస్తూ కూర్చున్నాను.

"ఉప్పు ఒక్క రవ్వ తగ్గిందేమోనమ్మా," అన్నారు.

నోట్లో వేసుకుని చూశాను. తగ్గింది. మూడో వాయి తర్వాత నీళ్ళు మార్చినప్పుడు ఉప్పు వేయడం మర్చిపోయాను.